పొరలమ్మ మొదటి ముక్క

మా వదిన సంగతి చెప్పే ముందు నా సంగతి నాలుగు మాటలు చెప్పాలి. లేకపోతే మీరు నన్ను మంచిదాన్ని అనుకునే ప్రమాదం ఉంది.

నేను ముప్పై ఏళ్లు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాను. బస్సు ఎక్కగానే ఎవరి దగ్గర టికెట్ లేదో ముఖం చూసి చెప్పేసేదాన్ని. నిజంగా నిద్రపోయేవాడి నోరు తెరుచుకుని ఉంటుంది, దొంగనిద్ర పోయేవాడి నోరు బిగుసుకుని ఉంటుంది. అంతే తేడా. పెళ్లి మాటకొస్తే, వచ్చిన ప్రతి సంబంధంలోనూ నాకు టికెట్ లేని ప్రయాణికుడే కనిపించాడు. ఎవరినీ ఎక్కించుకోలేదు. వీధిలో అందరూ నన్ను చెకింగమ్మ అంటారు. నాకు వినబడదనుకుంటారు, వినబడుతుంది.

రిటైరయ్యాక తనిఖీకి బస్సు లేదు, ఇల్లే మిగిలింది. రెండో అంతస్తులో రెండు గదులూ ఒక వంటిల్లూ, అందులో అన్నయ్య, వదిన, నేను. అన్నయ్య పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. పగలంతా పైకీ కిందకీ తిరిగి ఇంటికొచ్చి ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటాడు, ఏది పెడితే అది తింటాడు. ఆయన్ని అనుమానించడమంటే గోడను అనుమానించడమే. ఇక మిగిలింది వదిన. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. మా ఇంట్లో మిగతా సగం కూడా నేనే.

వదిన నాకంటే రెండేళ్లు పెద్దది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే బేకరీలో పనిచేస్తోంది. అక్కడ ఆవిడ పేరు పొరలమ్మ. మైదాపిండి ముద్ద మధ్యలో వెన్న పెట్టి, మడిచి, అప్పడాల కర్రతో సాగదీసి, చల్లబెట్టి, మళ్లీ మడిచి, మళ్లీ సాగదీసి, కాగితాల్లాంటి పొరలు తెప్పించడం ఆవిడ పని. ఆ పనికి చేతులు చల్లగా ఉండాలి. వేడి చేతుల్లో వెన్న కరిగి పిండిలో కలిసిపోతుంది, పొర నిలవదు. ముసలి యజమాని ఉద్యోగానికి వచ్చినవాళ్ల అరచేతిలో వెన్నముక్క పెట్టి వంద లెక్కపెట్టేవాడట. అందరి చేతుల్లోంచీ కారిపోయింది, మా వదిన చేతిలో మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. "నీ చేతిలో చలవ ఉందమ్మా, రేపటినుంచి రా" అన్నాడట. ఈ కథ అన్నయ్య నాకు ఓ వందసార్లు చెప్పాడు. ఆ రోజు చలికాలమేమోనని నాకిప్పటికీ అనుమానమే.

ఆ బేకరీలో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దున ఓవెన్‌లోంచి మొదటి ట్రే దిగగానే, దాని మధ్యనుంచి ఒక ముక్క తీసి పొరలమ్మ చేతికిస్తారు. అందరూ పని ఆపి నిలబడతారు. ఆవిడ నిలబడే తింటుంది. తలూపితే షట్టర్ పైకి లేస్తుంది. ఊపకపోతే ట్రే మొత్తం పక్కన పెట్టేస్తారు, బయట ఎంతమంది నిలబడ్డా సరే. ముసలాయన పోయి కూతురు యజమానురాలైనా ఆనవాయితీ మారలేదు. మా వదినకు బిడ్డల్లేరు, నగల్లేవు, నోట్లో మాట కూడా పెద్దగా లేదు. పొద్దున్నే ఆ తల ఊపడం ఒక్కటే ఆవిడ సొంతం. ఇది నేను అప్పుడు ఇంత స్పష్టంగా ఆలోచించలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి తెలుస్తోంది.

వానాకాలంలో వదినకు వారం రోజులు జ్వరం వచ్చింది. తగ్గింది, పనిలోకి వెళ్లింది. అప్పటినుంచే మా ఇంట్లో కాఫీ పాడైంది.

ఒకరోజు పంచదార లేదు. ఇంకోరోజు చెంచా నిలబడేంత పాకం. ఒకరోజు పాలు అడుగంటి ఇల్లంతా మాడు వాసన కొడుతుంటే, ఆవిడ అదే పొయ్యి పక్కన నిలబడి తాపీగా కప్పులు తుడుస్తోంది.

"వదినా! ముక్కు ఎక్కడ పెట్టుకున్నావ్? పాలు బొగ్గయిపోతున్నాయి!" అని అరిచాను.

ఆవిడ ఉలిక్కిపడి పొయ్యి ఆపింది. నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. టికెట్ లేనివాడు నన్ను చూసే చూపది.

ఇదేమిటి, పనిగట్టుకుని నన్ను ఏడిపిస్తోందా అనుకున్నాను. కాఫీ ఎలా ఉందని అంతకుముందు ఎప్పుడూ అడగని మనిషి, ఇప్పుడు రోజూ గుమ్మం దగ్గర నిలబడి నా ముఖం చూస్తోంది. నేను "ఇది కాఫీయా, కషాయమా?" అంటే "చేదెక్కువైందా, తీపి తక్కువైందా?" అని వివరంగా అడుగుతోంది. తిట్టినా నవ్వుతోంది. తిడితే నవ్వేవాళ్లని నమ్మకూడదు. ఇది నా సర్వీసు అనుభవం.

"అన్నయ్యా, వదిన కాఫీలో ఏదో తేడా చేస్తోంది" అన్నాను.

"వేడిగానే ఉందిగా చెల్లాయ్" అన్నాడు ఆయన. చెప్పాను కదా, గోడ.

తరవాత టికెట్లు దొరికాయి. ఉతకడానికి వేసిన వదిన సంచీ దులిపితే బస్సు టికెట్లు రాలాయి, ఒకటి కాదు, పదకొండు. మనిషి అబద్ధం చెప్పచ్చు, టికెట్ చెప్పదు. ఎక్కిన చోటు, దిగిన చోటు, రోజు, గంట, అన్నీ ఉంటాయి. అన్నీ గురువారాలే. గురువారం వదినకు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం "కాస్త గాలి పోసుకుని వస్తా" అని వెళ్లి దీపాలు పెట్టే వేళకు వస్తుంది. గాలి కోసం ఎవరైనా రైల్వే స్టేషన్‌కు వెళ్తారా? అక్కణ్నుంచి కోర్టు వీధికి? కోర్టు వీధినుంచి పెద్దాసుపత్రి స్టాపుకు? ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి! అరవై ఏళ్ల మనిషి! నిప్పు లేనిదే పొగ రాదు. తరవాతి గురువారం నేనూ బస్సు ఎక్కాను.

వెంటపడటం నాకు కొత్తకాదు. వదిన ముందు తలుపు ఎక్కితే నేను వెనక తలుపు. ఆవిడ స్టేషన్ దగ్గర దిగి, మెట్ల కింద ఉన్న ఒక చిన్న కాఫీ కొట్టులోకి వెళ్లింది. కుర్చీల్లేవు, మోచేయి ఎత్తున చెక్క బల్లలే. నేను పత్రికల కొట్టు చాటున నిలబడ్డాను. వదిన కాఫీ, దాంతోపాటు ఒక వెన్న బిస్కెట్ తీసుకుంది. కాఫీ ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టింది. బిస్కెట్ చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. అవును, చెవి దగ్గరే! విరిగిన చోట వేలితో ఒత్తి చూసింది. తరవాత పక్క బల్ల దగ్గర పెట్టె పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషిని ఏదో అడిగింది. ఆయన తాగి, ఆలోచించి, చెప్పాడు. వదిన సంచీలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది.

ఎవడు వీడు? ఏం చెప్పాడు?

వదిన వెళ్లిపోయాక నేనూ అదే కొట్టులో అదే కాఫీ తీసుకున్నాను. ఆధారం కోసమే, మరి దేనికీ కాదు. ఒక గుక్క తాగేసరికి నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే అది అమృతంలా ఉంది. ముప్పై ఏళ్లు ఆ మెట్ల మీదుగా నడిచాను, ఒక్కనాడూ లోపలికి తొంగిచూడలేదు! స్టేషన్ కొట్టులో మంచి కాఫీ ఎందుకు ఉంటుంది, ఏదో కలిపి ఉంటారు అనుకునేదాన్ని.

అలా ఐదు గురువారాలు తిరిగాను. కోర్టు వీధిలో అద్దాల కేఫ్‌లో కేకుల్ని నగల్లా పెట్టెల్లో పెట్టారు. చూడగానే మోసమనుకున్నాను, తింటే నిమ్మకాయ పులుపు నోట్లో మెరిసింది. ఆసుపత్రి వెనక సందులో నేలమాళిగలో ఒక బన్నుల కొట్టు ఉంది. మెట్లు దిగుతుంటేనే వేడి పంచదార వాసన ముఖానికి కొడుతుంది. నర్సులు డ్యూటీ దిగి అక్కడ గోడకానుకుని కళ్లు మూసుకుని తింటారు. ఇంకోచోట, మోటారు గ్యారేజీల మధ్య, ఒక ముసలావిడ చాక్లెట్‌ను గిన్నెలో కరిగించి పాలల్లో పోసి ఇస్తుంది. నేను రెండు కప్పులు తాగాను. ఆధారం కోసమే. వదిన దొంగతనం పట్టుకోబోయి నేను రెండు అంగుళాలు లావెక్కాను.

ప్రతిచోటా వదిన చేసేది ఒకటే. చెవి దగ్గర విరవడం, వేలితో ఒత్తడం, తినేవాళ్ల ముఖాలు చూడటం, పక్కవాళ్లని అడగడం, రాసుకోవడం. తను మాత్రం ఒక్క ముక్క కొరికి మిగతాది కాగితంలో చుట్టేస్తుంది. తీపి తినడానికి వెళ్లిన మనిషి తినదా? నాకు లెక్క తేలిపోయింది. ఊళ్లో కొట్లన్నిటి రహస్యాలూ ఎత్తి రాసుకుంటోంది. ఉప్పు తిన్న బేకరీని వదిలేసి ఆ అద్దాల కేఫ్‌లో చేరబోతోంది. లేదా సొంత కొట్టు పెట్టబోతోంది. ఇల్లు తాకట్టుకు పోతుంది. అన్నయ్య వేడిగానే ఉందిగా అంటాడు. నేను వీధిన పడతాను!

పుస్తకం చూద్దామని వెతికాను. ఆవిడ దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. ఇంకేం కావాలి చెప్పండి?

ఇప్పుడు మా తనిఖీవాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. అసలు గొడవంతా దాంతోనే వచ్చింది. అనుమానం వచ్చిన కండక్టర్‌ను మేం వెంటనే పట్టుకోం. బస్సంతా చూసి, "అంతా బాగానే ఉంది" అని అతని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నవ్వుతూ దిగిపోతాం. ఇక వీళ్లు రారని అతను ధీమాపడతాడు. రెండు స్టాపుల తరవాత మళ్లీ ఎక్కుతాం. దొరికిపోతాడు. ఆ "అంతా బాగానే ఉంది" రాయడంలో మా డిపోలో నన్ను మించినవాళ్లు లేరు.

బేకరీ వాళ్లు ఊళ్లో రెండో కొట్టు తెరుస్తున్నారు. శనివారం పొద్దున మొదలు. దానికోసం కొత్తగా ఒక పొరల పేస్ట్రీ, మధ్యలో కాఫీ క్రీము. ఆ క్రీము పాళ్లు కుదిర్చే పని యజమానురాలు వదినకే అప్పజెప్పింది. శుక్రవారం సాయంత్రం వదిన ఒక అట్టపెట్టెలో రెండు పేస్ట్రీలు తెచ్చి, పళ్లెంలో పెట్టి, ఒకటి అన్నయ్యకూ ఒకటి నాకూ ఇచ్చింది. ఇచ్చి ఎదురుగా నిలబడింది.

నేను కొరికాను. పొరలు ఎండుటాకుల్లా చప్పుడు చేసి విడిపోయాయి. తరవాత క్రీము నాలుకకు తగిలింది. ఉప్పు! చిటికెడు కాదు, నోరు వంకరపోయేంత ఉప్పు.

అన్నయ్య వైపు చూశాను. ఆయన మింగేసి, నీళ్ల గ్లాసు అందుకుని, "బాగుందే" అన్నాడు. రెండో గ్లాసు కూడా తాగాడు.

నా బుర్ర చకచకా పనిచేసింది. ముప్పై ఒక్క ఏళ్ల పొరలమ్మ ఉప్పుకూ పంచదారకూ తేడా తెలియక ఇలా చేస్తుందా? చెయ్యదు. అంటే కావాలనే చేసింది. నేను వెంటపడుతున్నట్టు పసిగట్టింది. నన్ను పరీక్షిస్తోంది. నేను ఛీ అని ఉమ్మితే "చూశారా, నేనేం చేసినా దీనికి వంకే" అని అన్నయ్య ముందు ఏడుస్తుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. నన్నా పరీక్షించేది?

మొత్తం తినేశాను. వేళ్లు కూడా తుడుచుకున్నాను.

"చాలా బాగుంది వదినా" అన్నాను.

వదిన ముఖంలో ఏదో కదిలింది. "నిజంగానా? ఏదీ ఎక్కువ కాలేదా? తక్కువ కాలేదా? సరిగ్గా చెప్పు అమ్మాయ్."

"అంతా బాగానే ఉంది."

"నువ్వు వంక పెట్టలేదంటే ఇంక ఈ ఊళ్లో ఎవరూ పెట్టలేరు" అంది. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "అమ్మయ్య! ఈ రాత్రి నిద్రపడుతుంది నాకు."

ఎంత నటన అనుకున్నాను. రెండు స్టాపులు ఆగు, చెబుతా అనుకున్నాను.

శనివారం సాయంత్రం రావాల్సిన వదిన పొద్దున పదింటికే వచ్చేసింది. నడుముకు కట్టుకున్న పిండి గుడ్డ కూడా విప్పలేదు. వంటింట్లో స్టూల్ మీద కూర్చుంది. అన్నయ్య ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "ఏమైందే?" అన్నాడు. జరిగింది చెప్పింది.

రెండు వందల పేస్ట్రీలు చేశారు. మొదటి ముక్క ఆవిడ చేతికిచ్చారు. తింది, తలూపింది. షట్టర్ లేచింది. వచ్చిన పెద్దలందరికీ పళ్లాల్లో పంచారు. మొదట ఒకాయన చేతిరుమాలులో ఉమ్మాడు. తరవాత ఒకావిడ. పిల్లలు ఏడ్చారు. యజమానురాలు తనే ఒకటి కొరికి చూసి, అందరి ముందూ అడిగింది. ఆ అమ్మాయి పసితనంలో బేకరీ బల్లల కిందే పెరిగింది, వదినను అత్తా అంటుంది.

"అత్తా, నువ్వు తిన్నావుగా?"

"తిన్నానమ్మా."

"తినే తలూపావా?"

సోమవారం దాకా రావద్దంది యజమానురాలు. సోమవారం వస్తే చూద్దాం, కానీ ఓవెన్ దగ్గరికి కాదు, అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గరికి అంది.

"అయినా నువ్వు తిని కూడా ఎలా ఊపావ్?" అన్నాను. పట్టుకోబోతున్నప్పుడు నాకు వచ్చే గొంతు అది. "కావాలనే చేశావు కదూ?"

వదిన తలెత్తింది. "నాకు రుచి లేదు అమ్మాయ్. జ్వరం వచ్చినప్పటినుంచి లేదు. వాసనా లేదు. మట్టి తిన్నా, కేకు తిన్నా ఒకటే నాకు."

అన్నయ్య అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు.

అప్పుడు చెప్పింది అంతా. బేకరీలో తెలిస్తే మొదటి ముక్క ఇంకొకరికి ఇస్తారని భయం. రుచి లేకుండా బాగుందో లేదో తెలుసుకునే దారి వెతుక్కుంటూ ఊరంతా తిరిగింది. మంచి పొర ఎలా చప్పుడు చేస్తుంది, బాగా కాలిన బిస్కెట్ వేలికి ఎలా తగులుతుంది, నిజంగా బాగున్నది తింటే మనిషి ముఖం ఎలా అవుతుంది, అన్నీ చూసి రాసుకుంది. పొరల వరకూ చెవితో నెగ్గుకొచ్చింది. కాలిందో లేదో రంగుతో పట్టేసింది. క్రీము దగ్గరే దొరకలేదు. క్రీముకు చప్పుడు లేదు. శుక్రవారం రెండు వందలకూ క్రీము కలుపుతూ, ఉప్పు వేశానో లేదో గుర్తులేక మళ్లీ మళ్లీ వేసిందట. ఒకప్పుడైతే నాలుక మీద పెట్టుకుని చూసుకునేది.

"మరి కాఫీ?" అన్నాను.

"అదా! మీ అన్నయ్య ఉప్పు పోసిచ్చినా బాగుందంటారు. ఇంట్లో నిజం చెప్పే నోరు నీదొక్కటే కదే. పొద్దున్నే నువ్వు తిట్టే తిట్టును బట్టి చెంచా సరిచేసుకునేదాన్ని. అందుకే నిన్న కూడా నీకే తెచ్చా." అంటూ లేచి నా దగ్గరికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చల్లని చెయ్యి. "నీకూ తెలియలేదంటే... అమ్మాయ్, నీకు కూడా నాలుక పోయిందేమోనే? ఈమధ్య జ్వరం గానీ తగిలిందా? పద, డాక్టరుకు చూపిద్దాం. నాలాగా ఆలస్యం చెయ్యకు."

నేను చాలామందిని పట్టుకున్నాను జీవితంలో. పట్టుబడినవాళ్లు ఏడుస్తారు, అరుస్తారు, కాళ్లు పట్టుకుంటారు. పట్టుబడటం ఎలా ఉంటుందో ఆ రోజు దాకా నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నా నాలుక బాగానే ఉంది వదినా" అన్నాను. "ఉప్పు తెలిసింది. కావాలనే బాగుందన్నాను."

వదిన నా నుదుటి మీదనుంచి చెయ్యి తీసేసింది. "ఎందుకు?" అంది.

వెంటపడ్డ సంగతీ, ఐదు గురువారాల సంగతీ, రెండు స్టాపుల సంగతీ అన్నీ చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్నయ్య మాత్రం జీవితంలో మొదటిసారి నావైపు చూసి, "ఇది బాగాలేదు చెల్లాయ్" అన్నాడు.

ఆదివారమంతా వదిన నాతో మాట్లాడలేదు. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర నిలబడలేదు. తాగాను, పంచదార సగమే ఉంది. ఎవరితో చెప్పను? కప్పుతో మాట్లాడుకుంటూ కూర్చున్నాను, "చప్పగా ఉంది, చప్పగా ఉంది" అని.

సోమవారం తెల్లవారుతుండగా వదిన మొదటి బస్సు ఎక్కింది. నేను కూడా ఎక్కాను, ఈసారి ముందు తలుపులోంచే, ఆవిడ చూస్తుండగా. పక్క సీటు ఖాళీగా ఉంది. ఆవిడ ఒళ్లోని సంచీ తీసి దాని మీద పెట్టింది. నేను నిలబడే వెళ్లాను.

బేకరీ లోపల అప్పటికే ఓవెన్ మండుతోంది. పొడుగాటి రాతి బల్ల మీద పిండి చల్లి ఉంది, గోడవారన ట్రేలు పేర్చి ఉన్నాయి. యజమానురాలు చేతులు కట్టుకుని నిలబడింది. వదిన అట్టపెట్టెల బల్ల దగ్గరికి వెళ్లలేదు. నేరుగా ఆ అమ్మాయి ముందు నిలబడి, తన నాలుక సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నా సంగతి చెప్పలేదు. దాంతో నాకే ఆగలేదు, అడ్డం పడి నేనే చెప్పేశాను.

యజమానురాలు బల్ల మీది పిండి వైపు చూసింది. "పొరలు నువ్వే వెయ్యి అత్తా. నీ చేతులు ఎక్కడికీ పోలేదు. కానీ మొదటి ముక్క? రుచి తెలియకుండా తలూపితే నాన్న ఊరుకునేవాడా?"

"ఊరుకునేవారు కాదు" అంది వదిన. నావైపు చూపించింది. "ఈవిడ తింటుంది. నేను ఊపుతాను."

నా చెవులను నేనే నమ్మలేదు.

"శనివారం నా కొట్టు ముంచింది ఈవిడే అంటున్నారుగా! ఈవిడ మీద నీకు నమ్మకముందా?"

"నాలుక మీద ఉందమ్మా" అంది వదిన. "మాట మీద ఇంకా రాలేదు. చూద్దాం."

యజమానురాలు నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈ ఒక్కరోజు చూస్తాను. మళ్లీ తప్పితే అత్తా, నన్ను ఇంకేమీ అడగకు."

"అడగను."

మొదటి ట్రే దిగింది. అదే పేస్ట్రీ, అదే కాఫీ క్రీము, పాళ్లు వదినే పుస్తకం చూసుకుని చెంచాతో కొలిచి కలిపింది. మధ్యనుంచి ముక్క తీశారు. అందరూ పని ఆపి నిలబడ్డారు. షట్టర్ దగ్గరున్న మనిషి గొలుసు పట్టుకుని చూస్తున్నాడు. వదిన ముక్కను చెవి దగ్గర విరిచి, విని, సగం నాకిచ్చింది.

తిన్నాను. ఏం చెప్పమంటారు! స్టేషన్ మెట్ల కింద కాఫీ, ఆసుపత్రి సందులో బన్నుల వాసన, ఊరంతా తిరిగి నేను దొంగచాటుగా తిన్నవన్నీ దీని ముందు దిగదుడుపే. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"బాగుంది వదినా!"

వదిన తలూపలేదు. నన్నే చూస్తోంది, నా నోరు బిగుసుకుందా, తెరుచుకుందా అని. ముప్పై ఏళ్లు నేను జనాన్ని చూసిన చూపు అది. అలా చూస్తే ఎంత భయం వేస్తుందో ఎవరూ నాకు చెప్పలేదు.

"నిజంగా బాగుంది. ఒట్టు!"

"ఆ మాట నాకొద్దు" అంది వదిన. "నువ్వు బాగుందంటే నాకు కాళ్లాడట్లేదు. తిట్టు."

"ఏమని తిట్టను?"

"రోజూ ఎలా తిడతావో అలాగే. ఏం బాగాలేదో చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని, ఈసారి తనిఖీ చేసినట్టే చేశాను. ప్రతి మూలా, ప్రతి పొరా.

"అడుగున ఒక పొర మెత్తబడింది. అంచు ఎడమవైపు కాస్త ఎక్కువ కాలింది, మీ ఓవెన్ ఆ పక్కన ఎక్కువ మండుతున్నట్టుంది, ఎవరూ చూసుకోరా? పంచదార నాకు సరిపోయింది, తీపి తినేవాళ్లకు ఒక పిసరు తక్కువే. కాఫీ చేదు మొదట తగలదు, మింగాక వస్తుంది. ఉప్పు ఉందో లేదో తెలియదు, అంటే సరిగ్గా ఉందన్నమాట. పైన చల్లిన ఈ పంచదార పొడి దేనికి దండగ, చొక్కాల మీద పడటానికి కాకపోతే!"

ఎవరో ఫక్కున నవ్వారు. యజమానురాలు వంగి ట్రే ఎడమ అంచు చూసి, ఓవెన్ వైపు నడిచింది.

వదిన కళ్లు మూసుకుంది. నా మాటలన్నీ ఒకసారి నమిలినట్టుగా దవడ కదిలింది. తరవాత మెల్లగా తలూపింది.

గొలుసు లాగారు, షట్టర్ లేచింది. బయట మొదటగా నిలబడింది ఆసుపత్రి దుస్తుల్లో ఉన్న ఒకావిడ. ఒకటి కొనుక్కుని మెట్టు మీదే నిలబడి కొరికింది. వదిన నా వెనక నిలబడి నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆ చేతులు ఎప్పటిలాగే చల్లగా ఉన్నాయి.

"నువ్వు చూడు. నాకు భయం. ఎలా ఉంది ఆవిడ ముఖం?"

"ఆగు, నములుతోంది."

"ఇప్పుడు?"

"నోరు తెరిచే ఉంది వదినా. నటన కాదు."

ఆవిడ వెనక్కి వచ్చి ఇంకొకటి అడిగింది. అది ఎవరికోసమో అడుగుదామని నా నోటిదాకా వచ్చింది. కానీ చేతిలో మిగిలిన ముక్క నోట్లో వేసుకున్నాను, అడగలేదు.